డిజిటల్ చిత్రరచన: ఉత్తరాంధ్ర నమూనాల నుంచి సొంత సృష్టి

ఎప్పటినుంచో ఉన్న ఒక నమూనాను చూసి, దాని పద్ధతిని ఒంటబట్టించుకుని, ఖాళీ తెర మీద మొదటి గీత నుంచి చివరి చుక్క దాకా సొంతంగా గీసిన కంప్యూటర్ బొమ్మను స్వతంత్ర డిజిటల్ చిత్రం అనవచ్చు. పాత బొమ్మను ఫొటో తీసి దాని మీదే గీతలు దిద్దడం, దొరికినదానికి రంగులు మార్చడం, నాలుగు బొమ్మల ముక్కలు తెచ్చి ఒకచోట అతకడం ఈ కోవలోకి రావు. చూసేవారికి రెండూ ఒకేలా కనిపించవచ్చు. గీసిన చేతికి మాత్రం తేడా తెలుస్తుంది. ఒకదాంట్లో ప్రతి గీతా ఎందుకు అక్కడుందో గీసినవారు చెప్పగలరు. రెండోదాంట్లో చెప్పలేరు.

ఇలాంటి పనికి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో ఉన్నంత ముడిసరుకు తెలుగునాట చాలా కొద్ది చోట్లే ఉంది. కొండల్లో సవరల గోడబొమ్మలు, పొందూరు మగ్గాల మీద జాందానీ పూలు, శ్రీముఖలింగం గుళ్ల మీద రాతి లతలు, బుడితి కంచు పాత్రల మీద చెక్కుళ్లు, బొబ్బిలి వీణ కొసన యాళి ముఖం, సంక్రాంతికి వీధి నిండా ముగ్గులు, ఇవన్నీ ఒక రోజు బస్సు ప్రయాణంలో అందే దూరంలో ఉన్నాయి. పేర్ల విషయంలో ఒక్క మాట. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు శ్రీకాకుళం జిల్లాలోని సీతంపేట వైపు మండలాలు, విజయనగరం జిల్లాలోని పార్వతీపురం, కురుపాం వైపు మండలాలు కలిసి పార్వతీపురం మన్యం జిల్లా అయ్యాయి. పాత పుస్తకాల్లో శ్రీకాకుళం సవర బొమ్మలు అని ఉన్నవి చాలావరకు ఇవాళ్టి మన్యం జిల్లా ఊళ్లవే.

ఎడిసింగ్

ఈ ప్రాంతపు నమూనాలన్నిటిలో డిజిటల్ చిత్రకారులు ఎక్కువగా వాడుకునేదీ, తక్కువగా అర్థం చేసుకునేదీ సవర గోడబొమ్మే. ఆంధ్ర వైపు దీన్ని ఎడిసింగ్ అంటారు, ఒడిశా వైపు ఇడితాల్ అంటారు. ముండా కుటుంబానికి చెందిన సవర భాషలో ‘ఇద్’ అంటే రాయడం, గీయడం. ‘సింగ్’ అంటే ఇల్లు. పేరులోనే విషయమంతా ఉంది. ఇది గోడకు అలంకారంగా వేసిన బొమ్మ కాదు, గీసి కట్టిన ఇల్లు. ఇంట్లో జబ్బు చేసినా, పంట బాగా పండాలన్నా, చనిపోయిన పెద్దలను తలుచుకోవాలన్నా ఈ ఇల్లు గీస్తారు. సోనుమ్ అని పిలిచే ఆత్మ వచ్చి అందులో కూర్చుంటుందని నమ్మకం. బొమ్మలో ఏమేం ఉండాలో ఆత్మే కలలో చెబుతుందంటారు. గీయడం అయ్యాక కుడాన్ అనే పూజారి దాన్ని ఆత్మకు అప్పగిస్తాడు.

ఎర్రమట్టితో అలికిన గోడ మీద, నూరిన బియ్యపు పిండి నీళ్లలో వెదురు పుల్ల ముంచి గీస్తారు. నలుపు కావాలంటే దీపపు మసి వాడతారు. ముందుగా చుట్టూ అంచు కడతారు. ఇల్లు కట్టేవాళ్లు ముందు గోడ లేపినట్టే ఇదీ. అంచు ఒక్క గీత కాదు. గళ్లు, వంకీలు, చేపముల్లు వరసలతో రెండు మూడు పొరలుగా ఉంటుంది. తర్వాత లోపల వరసలు తీరుస్తారు. పైన సూర్యుడు, చంద్రుడు. ఒక వరసలో గుర్రం మీద, ఏనుగు మీద స్వారీ చేసేవాళ్లు, వాళ్లకు గొడుగు పట్టేవాళ్లు. మరో వరసలో చేతులు కలిపి ఆడేవాళ్లు, డప్పు కొట్టేవాళ్లు. పక్కన ఒక చెట్టు, చెట్టు మీద కోతులు, నెమళ్లు. మనుషుల ఒళ్లు త్రికోణాలే, కాళ్లూ చేతులూ పుల్లల్లా సన్నగా, పొడుగ్గా సాగుతాయి. బొమ్మకు నడిమి కేంద్రం అంటూ ఉండదు. కన్ను ఎక్కడి నుంచైనా లోపలికి వెళ్లవచ్చు.

మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1940ల్లో సవర కొండల్లో తిరిగి ఈ బొమ్మలను నమోదు చేశాడు. 1951లో వచ్చిన ‘ది ట్రైబల్ ఆర్ట్ ఆఫ్ మిడిల్ ఇండియా’, 1955లో వచ్చిన ‘ది రెలిజియన్ ఆఫ్ యాన్ ఇండియన్ ట్రైబ్’ అనే ఆయన పుస్తకాల్లో వీటి వివరాలున్నాయి. వాటిలో అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆనాటి గోడల మీదే రైళ్లు, సైకిళ్లు, విమానాలు కనిపించాయి. చూసిన కొత్త వస్తువును పాత పద్ధతిలో ఇంట్లోకి తెచ్చుకోవడం సవర చిత్రకారుడికి అప్పటికే అలవాటు. ‘సంప్రదాయం’ అనగానే కదలనిదని అనుకునే డిజైనర్లు ఈ ఒక్క విషయం దగ్గర ఆగి ఆలోచించాలి. ప్రేరణ పొంది కొత్తది గీయడం అనే పని ఈ కళకు బయటినుంచి రాలేదు. దాని స్వభావంలోనే ఉంది.

ఇవాళ గోడలు తగ్గాయి. క్రైస్తవం, ఇతర మతమార్గాలు వ్యాపించాక చాలా ఊళ్లలో సోనుమ్ పూజ ఆగిపోయింది. ఒడిశా సవరల మధ్య 1970ల నుంచి పనిచేసిన మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ ఈ మార్పును 2017లో వచ్చిన ‘లివింగ్ వితౌట్ ది డెడ్’ పుస్తకంలో వివరించాడు. మట్టిగోడ పోయి సిమెంటు గోడ వచ్చిన చోట ఎర్రమట్టి అలుకే లేదు. అదే సమయంలో బొమ్మ గోడ దిగి కాగితం మీదికి, గుడ్డ మీదికి, అక్కడి నుంచి తెర మీదికి వచ్చింది. ఆత్మ కోసం గీసిన ఇల్లు వేరు, అమ్మకానికి గీసిన బొమ్మ వేరు. సవర చిత్రకారులకు ఈ తేడా బాగా తెలుసు. కాపీ కొట్టేవాళ్లకే తెలియదు. పూజలో అప్పగించిన ఒక గోడను ఫొటో తీసి చొక్కాల మీద అచ్చు వేయడం ఒకరి దేవుడి గదిని ఎత్తుకొచ్చినట్టే.

తరచూ జరిగే పొరపాటు మరొకటి ఉంది. వర్లీ బొమ్మను సవర బొమ్మ అనుకోవడం. వర్లీ మహారాష్ట్రలోని ఠాణే, పాల్‌ఘర్ వైపు కళ. అక్కడా ఎర్ర నేల, తెల్ల గీత, త్రికోణపు మనుషులే. అయితే వర్లీ మనిషి నడుము దగ్గర రెండు త్రికోణాల మొనలు సూదిలా కలుస్తాయి. సవర మనిషి నడుము అంతగా నొక్కుకుపోదు, ఒళ్లు కాస్త సాగి ఉంటుంది. వర్లీలో బొమ్మ విశాలంగా పరుచుకుంటుంది. ఎడిసింగ్‌లో అంచు అన్నిటినీ పట్టి ఉంచుతుంది. అంతర్జాలంలో ‘గిరిజన చిత్రం’ అని వెతికి మొదట దొరికినదాన్ని ఆధారం చేసుకుంటే ఈ తేడా చెరిగిపోతుంది. ఆధారం ఎంత ఖచ్చితంగా తెలిస్తే సొంత బొమ్మ అంత సొంతమవుతుంది.

మగ్గం, ముగ్గు, అక్షరం

పొందూరు ఖాదీ అనగానే సన్న నూలు, వాలుగ చేప దవడ గుర్తొస్తాయి. కొండపత్తిని ఆ దవడ పళ్లతో దువ్వి శుభ్రం చేస్తారు. డిజిటల్ చిత్రకారుడికి పనికొచ్చేది మాత్రం పొందూరు జాందానీ. పడుగు మధ్యలో చేత్తో వేరే పోగు దూర్చి పువ్వు తీయడమే జాందానీ. పోగు నిలువుగానో అడ్డంగానో మాత్రమే పోగలదు కాబట్టి పువ్వు రేకు వంపు నిజానికి వంపు కాదు, మెట్లు మెట్లుగా ఎక్కే అంచు. కంప్యూటర్ తెర మీద పిక్సెళ్లు చేసే పని సరిగ్గా ఇదే. అందుకే గళ్ల కాగితం మీద గీసిన జాందానీ నమూనాను అర్థం చేసుకున్నవారికి పిక్సెల్ కళ వేరుగా నేర్చుకోవాల్సిన విద్య కాదు. ఇక్కడ దొంగిలించడం ఎంత తేలికో కొత్తది చేయడమూ అంత తేలిక. ఉన్న పువ్వును గడి గడిగా ఎక్కించుకోవచ్చు. లేదా మెట్లంచు అనే నియమాన్ని మాత్రం తీసుకుని జీడిమామిడి పండును, తాటిముంజను కొత్తగా అల్లుకోవచ్చు.

చుక్కల ముగ్గూ అలాంటి నియమమే. ఇన్ని చుక్కలు, ఇన్ని వరసలు, మధ్య చుక్కలా సందు చుక్కలా అన్నది తేలాక గీత ఎలా తిరగాలన్నది వేసేవారి ఇష్టం. ఒకే చుక్కల మీద పక్క పక్క ఇళ్ల వాళ్లు వేరు వేరు ముగ్గులు తీస్తారు. ఎవరూ ఎవరిదీ కాపీ కొట్టారని అనరు. వెక్టర్ సాఫ్ట్‌వేర్‌లో చుక్కల జాలి పరిచి గీత దానికి అతుక్కునేలా అమర్చుకుంటే తెర మీద జరిగేది ఇదే.

తెర లేని రోజుల్లోనూ ఈ మార్గంలో నడిచినవాళ్లు ఉన్నారు. 1919లో బొబ్బిలిలో పుట్టి, మద్రాసులో దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గర చదువుకుని, విజయనగరంలో చిత్రకళా పాఠశాల నడిపిన అంట్యాకుల పైడిరాజు జానపద రేఖను తీసుకుని తన సొంత పల్లెపడుచులను గీశాడు. ఆయన బొమ్మలో జానపదం కనిపిస్తుంది, ఫలానా జానపద బొమ్మ మాత్రం కనిపించదు.

సవర నేల మీద జరిగిన అతిపెద్ద సొంత సృష్టి ఒక లిపి. ఒడిశా వైపు మాంగెయి గొమాంగో 1936లో సొరాంగ్ సొంపెంగ్ అనే లిపిని తయారుచేశాడు. తెలుగు, ఒరియా, రోమన్ లిపులు చుట్టూ ఉండగానే వాటిలో దేన్నీ అరువు తెచ్చుకోకుండా, 24 అక్షరాలను సవర దేవతల పేర్లతో ముడిపెట్టాడు. 2012లో యూనికోడ్ 6.1లో చేరడంతో అది ఫోన్లలో, కంప్యూటర్లలో రాయగలిగే లిపి అయింది. అంతకు చాలా ముందే, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని తెలుగు లిపిలో ఆ భాషకు పుస్తకాలు రాశాడు. సిలికానాంధ్ర ద్వారా ఉచితంగా విడుదలైన తెలుగు ఫాంట్లలో ఒకదానికి ఆయన పేరు, మరొకదానికి విజయనగరం మహాకవి గురజాడ పేరు ఉన్నాయి. వీటికి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఉంది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని అదే లైసెన్స్ కింద పంచాలి. ఏది ఎంతవరకు తీసుకోవచ్చో ముందే రాసిపెట్టిన నమూనాకు ఇది మంచి ఉదాహరణ. గోడబొమ్మకు అలాంటి కాగితం లేదు. అందుకే తీసుకునేవారి మీద బాధ్యత ఎక్కువ.

ఒక బొమ్మ పుట్టే తీరు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఆ రాత్రిని ఎడిసింగ్ పద్ధతి నుంచి నేర్చుకుని తెర మీద గీయాలనుకుందాం.

మొదటి పని తెర ముందు కూర్చోవడం కాదు. వీలైనన్ని అసలు బొమ్మలు చూడాలి. వీలైతే గీసేవారి పక్కన కూర్చుని, పుల్ల ఎప్పుడు ముంచుతున్నారు, పిండి ఎక్కడ పలచబడుతోంది, తప్పు గీత వస్తే ఏం చేస్తున్నారు అని గమనించాలి. నోటు పుస్తకంలో బొమ్మలు ఎక్కించుకోకూడదు, సూత్రాలు రాసుకోవాలి. అంచు ముందు. వరసలు అడ్డంగా. మనిషి పొడుగు ఇంత, తల ఇంత. ఖాళీ చోటు దాదాపు ఉండదు. ఆ తర్వాత ఫొటోలన్నీ మూసేసి ఒకటి రెండు రోజులు ఆగడం మంచిది. మిగిలేది జ్ఞాపకం. జ్ఞాపకం నుంచి గీసినప్పుడు పద్ధతి మిగులుతుంది, ఫలానా గోడ మిగలదు.

ఇప్పుడు తెర. ఎ3 కాగితం మీద అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేయాలంటే 4961 నిలువు, 3508 అడ్డం పిక్సెళ్ల పరిమాణం కావాలి. తక్కువలో మొదలుపెట్టి తర్వాత పెంచితే గీత చెదిరిపోతుంది. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లలో క్రితా, ఇంక్‌స్కేప్ రెండూ ఉచితం. చేతి గీత, పిండి మరకల కోసం క్రితా వైపు మొగ్గాలి, గోడంత సైజుకు పెంచాల్సిన బొమ్మకు వెక్టర్ పద్ధతిలో నడిచే ఇంక్‌స్కేప్ మేలు. అట్టడుగు పొరలో ఎర్రమట్టి రంగు. దాన్ని ఒకే రంగుగా పోసేస్తే గోడలా ఉండదు. అలుకు చేత్తో వేసేది కాబట్టి అరచేతి వంపులో లేతా ముదురూ ఉండాలి. పై పొరలో అంచు.

బొమ్మ సొంతమయ్యేది ఈ అంచు దగ్గరే. ఎడిసింగ్‌లో అంచు అంటే ఇంటి గోడ. తుఫాను రాత్రి ఇల్లు నిలవలేదు. కాబట్టి మూడు వైపులా అంచు పద్ధతి ప్రకారం గట్టిగా కట్టి, సముద్రం వైపు మూల మాత్రం తెరుచుకోనివ్వాలి. అక్కడ చేపముల్లు వరస విడిపోయి, ఆ ముక్కలే గాలిగా లోపలికి రావాలి. లోపలి వరసలు పైన అడ్డంగా ఉండి, కిందికి వచ్చేకొద్దీ వాలిపోవాలి. ఎడిసింగ్ చెట్టు నిటారుగా నిలబడుతుంది. ఇక్కడ కొబ్బరిచెట్లు ఒకే వైపు పడుకుని ఉంటాయి. గొడుగు పట్టే మనిషి స్థానంలో నెత్తిన రేకు పట్టుకున్న మనిషి వస్తాడు. గుర్రాలు లేవు. కరెంటు స్తంభం ఉంది. ఇంతా చేసి చూస్తే సవరల ఏ గోడకూ ఇది నకలు కాదు. కానీ ఎడిసింగ్ తెలిసినవాళ్లు చూస్తే ఈ బొమ్మ ఎక్కడ చదువుకుందో చెప్పేస్తారు.

గీసేటప్పుడు రెండు జాగ్రత్తలు. గీతను నున్నగా చేసే స్టెబిలైజర్ ఆపేయాలి. చేతి వణుకు ఈ బొమ్మకు ఊపిరి. రెండు, ఒక మనిషిని గీసి ఇరవైసార్లు అతికించకూడదు. సవర నృత్యపు వరసలో అందరూ ఒకేలా కనిపిస్తారు, దగ్గరికి వెళ్తే ఒకరి మోచెయ్యి పైకి, ఒకరి పాదం పక్కకి. ఇరవై మందినీ ఇరవై సార్లు గీయాలి. ఓపిక పడుతుంది, మరో దారి లేదు.

ముగిశాక పరీక్ష ఒకటే. మూలంగా చూసిన బొమ్మల్లో దేన్నైనా దీని పక్కన పెట్టి, ఒకదాని మీద ఒకటి పరిచి చూడాలి. గీతలు కలిసిపోతే అది ప్రేరణ కాదు. చిత్తు బొమ్మలు, పొరలు విడివిడిగా ఉన్న అసలు ఫైలు, తేదీలు దాచుకోవాలి. రేపు ఎవరైనా ఇది నీది కాదంటే మాట్లాడేవి అవే. పదాలు టైపు చేస్తే బొమ్మ వండి ఇచ్చే కృత్రిమ మేధ సాధనాల దగ్గర ఈ చిత్తు కాగితాలు ఉండవు. వర్లీని, సవరను కలిపేసే పొరపాటూ వాటిలో సులువుగా జరుగుతుంది. చదువుకునే దశలో ఉన్నవారు వాటికి దూరంగా ఉండటమే మంచిది. ఆ దశలో నేర్చుకోవాల్సింది చెయ్యి.

చట్టం ఏమంటుంది

1957 కాపీరైట్ చట్టం స్వతంత్రమైన కళాకృతికి రక్షణ ఇస్తుంది. చిత్రకారుడి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఆ రక్షణ ఉంటుంది. నమోదు చేస్తేనే హక్కు అనుకోవడం తప్పు. బొమ్మ పూర్తయిన క్షణం నుంచే హక్కు పుడుతుంది. ఆలోచనకు కాపీరైట్ లేదని, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉంటుందని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చూసినవారికి ఇది దానికి నకలే అన్న అభిప్రాయం తప్పనిసరిగా కలిగితే ఉల్లంఘన అవుతుంది. ఒట్టి శ్రమ చాలదు, కొంతైనా సొంత సృజన ఉండాలని 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో అదే కోర్టు అంది. కంప్యూటర్ తయారుచేసిన కృతికి, దాన్ని తయారుచేయించిన వ్యక్తే కర్త అని చట్టంలో ఉంది. బొమ్మ కింద తన పేరు ఉండాలని, దాన్ని తన పరువు పోయేలా వికృతం చేయకూడదని కోరే హక్కు, బొమ్మ అమ్మేశాక కూడా చిత్రకారుడికి ఉంటుంది. ఇదే బొమ్మను చీరల మీద, బట్టల మీద వేలాదిగా అచ్చు వేయాలంటే 2000 డిజైన్ల చట్టం కింద నమోదు సంగతి చూసుకోవాలి. అలా నమోదు చేయగలిగిన డిజైన్‌ను నమోదు చేయకుండా పరిశ్రమ పద్ధతిలో యాభైసార్లకు మించి ఉత్పత్తి చేస్తే కాపీరైట్ పోతుంది. కళాశాల విద్యార్థులు ఈ ఒక్క నిబంధన తెలియక నష్టపోకూడదు.

ఊరందరిదీ అయిన పాత గోడబొమ్మకు మాత్రం ఒక కర్త పేరు లేదు. కాబట్టి కాపీరైట్ చట్టం దాన్ని పెద్దగా కాపాడదు. భౌగోళిక గుర్తింపు చట్టం పేరును కాపాడుతుంది. ఒడిశా వైపు లాంజియా సవర చిత్రకళకు 2024 జనవరిలో ఆ గుర్తింపు వచ్చింది. బుడితి కంచు, ఇత్తడి పనికీ, బొబ్బిలి వీణకూ ఆ గుర్తింపు ఉంది. వేరేచోట చేసిన వస్తువును ఆ పేరుతో అమ్మకుండా ఆపడం దాని పని. ఎవరో శైలిని అరువు తెచ్చుకుని గీస్తే ఆపడం దాని పని కాదు. చట్టంలో ఈ ఖాళీ ఉన్నంతకాలం బరువంతా గీసేవారి మనసు మీదే పడుతుంది.

పేరు చెప్పడం

ఎడిసింగ్ నుంచి నేర్చుకుని గీసిన బొమ్మ పూర్తిగా గీసినవారిదే. దాని మీద సంతకం పెట్టుకునే హక్కు వారికుంది. నేర్పిన గోడ ఎవరిదో చెప్పాల్సిన బాకీ కూడా వారిదే. సవర చిత్రకారులు ఇవాళ్టికీ గీస్తున్నారు, వారిని అడిగి, చూపించి, వీలైతే పనిలో కలుపుకుని, వచ్చిన డబ్బులో వాటా ఇచ్చి పనిచేయడం సాధ్యమే. అడిగితే వద్దంటారేమోనన్న భయంతో అడక్కుండా వాడుకోవడం న్యాయం కాదు. వద్దన్న నమూనాను వదిలేయడం కూడా చిత్రకారుడి పనిలో భాగమే.

ఈసారి మీరు బొమ్మ గీసి సంతకం పెట్టేటప్పుడు, ఆ సంతకం పక్కన ‘సవర ఎడిసింగ్ ఆధారంగా’ అన్న మూడు మాటలూ, మీరు చూసిన ఊరి పేరూ రాయండి.